నూట ఇరవై ఎనిమిది తాళాలు

పెద్ద వరద వచ్చిపోయిన నాలుగో ఏట జరిగిందిది. వరదనీళ్ళు తాళాల కార్ఖానాలో నడుమెత్తున నిలబడి, మూడో రోజుకు గాని పోలేదు. పోతూపోతూ, ఇత్తడి రేకుల్ని ముక్కలుగా కొట్టే అచ్చుమిషను కింది నేలను తినేసి పోయాయి. మిషను ఒక పక్కకు ఒరిగింది. దాన్ని లేపి, కింద ఇనుపరేకులు దోపి ఆడించారు. ఆడింది. కానీ అప్పటినుంచి అది కొట్టే లివర్లలో ఒకటి మందం, ఒకటి పలచన.

లివరంటే తాళంకప్ప కడుపులో ఉండే ఇత్తడి రేకు. వేలిగోరంత ఉంటుంది. కప్పకు నాలుగు. తాళంచెవి తిప్పితే నాలుగూ ఒక్కసారి లేవాలి. ఒక్కటి మొండికేసినా కప్ప తెరుచుకోదు. వరదకు ముందు మిషను నుంచి వచ్చినవాటిని వచ్చినట్టే బిగించేవారు. వరద తర్వాత ప్రతి ఒక్కదాన్నీ బల్లకు బిగించిన ఇనుప వైసులో పట్టి ఆకురాయితో రుద్దాల్సి వచ్చింది.

రుద్దేది మేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో ఆరు ‘ఊఁ’లే. బల్లకు అవతలి పక్క అతని మరదలు కూర్చునేది, అంటే భార్య చెల్లెలు. మొగుడు పోయాక అక్క ఇంటి పక్కగదిలోకి వచ్చి ఉంటోంది. అతను రుద్ది ఇచ్చిన లివర్లను కప్పలో పేర్చి, స్ప్రింగు పెట్టి, మూత బిగించడం ఆమె పని. చూపు మందం. కప్పను ముక్కుకు ఆనించుకుని చూసేది. చూడటం పేరుకే, పనంతా వేళ్ళదే. ఆ వేళ్ళకు కళ్ళున్నాయనేవారు. ఎంత గబగబా బిగించినా చివరికి ఖాళీ చెయ్యి చాపి కూర్చోవాల్సిందే.

“బావా, నీ ఆకురాయి నిద్రపోయిందా? జోల పాడమంటావా?” అనేది.

“ఊఁ” అనేవాడు అతను.

ఇద్దరూ కలిసి రోజుకు అరవై రెండు కప్పలు. మంచి రోజైతే అరవై నాలుగు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు, పెద్ద కాలేజీ నుంచి ఒకావిడ వచ్చింది. భుజాన గుడ్డసంచి, చేతిలో గడియారం. యజమాని అందర్నీ పిలిచి నిలబెట్టాడు.

“నేను అయిదేళ్ళుగా ఒకటే పని చేస్తున్నాను” అంది ఆవిడ. “మన దేశాన్నీ అవతలి పెద్ద దేశాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం. రెండూ పెద్దవే, రెండింట్లోనూ ఇసకేస్తే రాలనంత జనం. మా తాతగారి రోజుల్లో ఇద్దరిదీ ఒంటిపూట తిండే. ఇవాళ వాళ్ళు చాలా ముందుకు పోయారు. ఎందుకు పోయారో చెప్పే పుస్తకాలు బండెడున్నాయి. అన్నీ కోట్లలో మాట్లాడతాయి. నాకేమో ఒక్క తాళంకప్పను పట్టుకుని చూద్దామనిపించింది. అక్కడ ఇలాంటి కార్ఖానాలోనే రెండు నెలలు కూర్చుని వచ్చాను. ఇప్పుడు మీ దగ్గర కూర్చుంటాను.”

పాలిష్ పట్టేవాడికి నోరు ఊరుకోదు. “అమ్మా, అక్కడా దొంగలున్నారా?”

“లేకపోతే తాళాలెందుకయ్యా?”

“హమ్మయ్య! అందులోనైనా ఇద్దరం సమానమే.”

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వులోనే వాళ్ళు ఆవిడకు లెక్కలమ్మ అని పేరు పెట్టేశారు. అక్కడ ఒక బల్ల మీద రోజుకెన్ని కప్పలు దిగుతాయో చెప్పమని పట్టుకున్నారు. ఇప్పుడే చెప్పకూడదంది. వదల్లేదు. చివరికి చెప్పింది.

“నూట ముప్పై.”

నవ్వులు ఆగిపోయాయి.

“అక్కడి మనుషులకు తలా నాలుగు చేతులా ఏంటమ్మా?” అంది మరదలు. మళ్ళీ నవ్వారు గాని, ఈసారి నవ్వులో బిగువు లేదు.

మేస్త్రీ నవ్వలేదు. ఎవరో తన కంచంలోకి తొంగిచూసి ‘ఇంతేనా’ అన్నట్టయింది. ఆ అవతలి దేశం ఏ దిక్కున ఉందో కూడా అతనికి సరిగ్గా తెలియదు. అయినా ముప్పై ఏళ్ళ చెయ్యి సగానికి సగం తక్కువని, అదీ ఆడమనిషి ముందు, తేలిపోయింది. తల వంచుకుని వైసు బిగించాడు.

రెండు వారాల తర్వాత వచ్చి మూడు రోజులు కూర్చుని లెక్కపెడతానని లెక్కలమ్మ వెళ్ళింది.

ఆ సాయంత్రం నుంచి మేస్త్రీ టిఫిన్ డబ్బా ఇంటికి బరువుగా వెళ్ళింది. మిషను పక్కన కుప్పగా పడి ఉండే లివర్లను ఎవరూ ఎంచరు. రోజూ గుప్పెళ్ళతో తీసుకుపోయి, పెరటి గుమ్మంలో కూర్చుని చీకటి పడేదాకా రుద్దేవాడు.

“ఆ గోల ఇంటికి కూడా తెచ్చావా? నా పళ్ళు జివ్వుమంటున్నాయి” అంది భార్య.

“ఊఁ.”

రెండు వారాల్లో ఎనిమిది వందలు అయ్యాయి. రుద్దినట్టు తెలియకుండా వాటికి మిషను నూనె పూసి, ఇత్తడి పొడిలో దొర్లించాడు. లెక్కలమ్మ వచ్చే రోజు తెల్లారకముందే వెళ్ళి, పచ్చి లివర్లున్న తట్టలో వాటిని కలిపేశాడు. పెద్ద అబద్ధమాడుతున్నాననుకోలేదు. చేసినవి తన చేతులే కదా అనుకున్నాడు.

లెక్కలమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. మేస్త్రీ లివరు తీసి, వైసులో పెట్టి, ఆకురాయితో రెండు దెబ్బలు తగిలించి అవతలికి నెట్టాడు. మళ్ళీ ఇంకొకటి. మధ్యమధ్య చేతికొచ్చే పచ్చివాటిని మాత్రం మామూలుగానే పూర్తిగా రుద్దాడు. మరదలు నాలుగో కప్పకు ఆగింది. లివరును బొటనవేలితో ఒకసారి తడిమింది. లెక్కలమ్మ నీళ్ళు తాగడానికి లేచినప్పుడు గొంతు తగ్గించింది.

“బావా, ఇవి ముందే రుద్దినవి కదూ?”

“ఊఁ.”

“ఎందుకూ?”

అతను ఇంకో లివరు వైసులో పెట్టాడు. “దేశం పరువు” అన్నాడు.

“ఓరి నా బావో! దేశం పరువు తెచ్చి నా వేళ్ళ మీద పెట్టావా? చెప్పుంటే రాత్రి కాస్త నూనె రాసుకునేదాన్ని కదా!”

అంతే, ఆ వేళ్ళు పరుగందుకున్నాయి. మొదటి రోజు నూట ఇరవై ఆరు. రెండో రోజు నూట ముప్పై. మూడో రోజూ అంతే. సరాసరిన నూట ఇరవై ఎనిమిది, చిల్లర. పాలిష్‌వాడు చప్పట్లు కొట్టాడు. అవతలి బల్లల వాళ్ళు వచ్చి మేస్త్రీ భుజం తట్టారు.

లెక్కలమ్మ మాత్రం కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. “మేస్త్రీగారూ, మిషను ఒరిగిందన్నారు. లివర్లకు చాలా పని పట్టాలే. మీకెప్పుడూ ఇలాగే వస్తాయా?”

అతను ఔనన్నట్టు తల ఊపాడు. అబద్ధమంటూ ఆడింది ఆ ఊపు ఒక్కటే.

రెండు నెలలకు నివేదిక వచ్చింది. యజమాని దాన్ని నిలబడి చదివాడు. చిన్న కార్ఖానాలకు సాయం చేసే కార్యాలయం ఒకటుందట. మిషను పాడై వెనకబడ్డవాళ్ళకు కొత్త మిషన్లు ఇవ్వడానికి లెక్కలమ్మ నివేదికనే చూశారట. ఏడు కార్ఖానాలకు వచ్చాయి. వీళ్ళకు రాలేదు. ‘ఇక్కడి చేతిపని అవతలి దేశపు మిషనుపనికి ఇంచుమించు సమానం. యంత్రం మార్చవలసిన అవసరం కనబడలేదు’ అని ఉంది.

“మూడేళ్ళుగా ఆ మిషను కోసం చెప్పులరిగేలా తిరిగాను” అన్నాడు యజమాని. “పొగిడి చేతికి చిప్ప ఇచ్చారు. పోనీలే. ఒకటి మాత్రం తెలిసింది. లెక్కపెట్టే మనిషి ఎదురుగా ఉంటే నూట ఇరవై ఎనిమిది. నేనుంటే అరవై రెండు. ఇన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశారన్నమాట. రేపటినుంచి ఈ బల్లకు నూట పది. నేనేమీ అవతలి దేశమంత అడగట్లేదు.”

మేస్త్రీ భోజనం మానేసి రుద్దాడు. డబ్బా నింపుకుని ఇంటి దగ్గరా రుద్దాడు. నాలుగో రోజుకు మణికట్టు వాచింది. డెబ్బై దాటలేదు.

పన్నెండో రోజు యజమాని బల్ల దగ్గరికొచ్చాడు. “మేస్త్రీ చేతివేగం కాగితం మీదే ఉంది. మరి ఎక్కడ ఆగుతోంది?” అని మరదలి వైపు తిరిగాడు. ఆమె అప్పుడే ఒక కప్పను ముక్కుకు ఆనించుకుని ఉంది. “ఏమ్మా, చూపు ఇంకా తగ్గిందా?”

ఆమె ముఖం బావ ఉన్న వైపుకు తిప్పి ఆగింది. ఆమె ముందు బల్ల ఖాళీగా ఉంది, లివరు కోసం చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. యజమాని ఆ చెయ్యి చూసి ఉంటే అర్థమయ్యేదేమో. చూడలేదు. మేస్త్రీ వైసు మీదికి వంగి, బిగిసి ఉన్న మరను మళ్ళీ బిగించాడు.

“నువ్వు రేపటినుంచి రావద్దులేమ్మా” అన్నాడు యజమాని. “కళ్ళు పాడుచేసుకుంటావు.”

ఆమె చేతులు తుడుచుకుని లేచింది. దారి తెలిసిన మనిషే, అయినా గుమ్మం దగ్గర గోడ పట్టుకుని దిగింది. అందరూ ఎవరి పని మీదికి వాళ్ళు వంగారు. పాలిష్‌వాడు కూడా.

మేస్త్రీ మితభాషి అని ఊరంతా మెచ్చుకునేది. అతనూ అదొక గుణమనే అనుకునేవాడు. ఆ మధ్యాహ్నమంతా ఆకురాయి ఆడుతున్నంతసేపూ, అది గుణం కాదు, పిరికితనం అని తెలుస్తూనే ఉంది. తలెత్తి ఒక్కరి ముఖం చూడలేకపోయాడు.

ఇంటికెళ్ళేసరికి అక్కాచెల్లెళ్ళు గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

“పక్కనే ఉన్నావు కదా” అంది భార్య. “ముప్పై ఏళ్ళ మనిషివి. అయ్యా, దాని పనికేం వంక అని ఒక్క మాట అనలేకపోయావా? నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“బావనేం అనకక్కా” అంది మరదలు. “నా కళ్ళే అంత.”

ఆమె తిట్టి ఉంటే నిలబడగలిగేవాడు. దొడ్డిదారిన లోపలికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, అన్నం వద్దని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున గంట కొట్టకముందే యజమాని గదిలోకి వెళ్ళాడు. టిఫిన్ డబ్బా తెరిచి, రుద్దిన లివర్లను బల్ల మీద పోశాడు.

“ఇవేంటి?”

చెప్పాడు. మాటలు అలవాటు లేక ముందువి వెనకా వెనకవి ముందూ వచ్చాయి. డబ్బా, నూనె, ఇత్తడి పొడి, తట్ట, తల ఊపడం. ఆగేది తన దగ్గరేనని, ఆమె దగ్గర కాదని చెప్పాడు. యజమాని ముఖం నల్లబడింది.

“నీ పరువు కోసం నా మిషను పోగొట్టావా? ఇదేదో నాతో కాదు, ఆవిడతో చెప్పు” అని ఫోను కలిపి చేతిలో పెట్టాడు.

“నేను... మేస్త్రీని” అన్నాడు. “అరవై రెండమ్మా. నూట ఇరవై ఎనిమిది కాదు.”

అటుపక్క కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

“ఆ అంకె కోసమే కదండీ నేను వచ్చింది” అంది లెక్కలమ్మ. “వాళ్ళు ముందున్నది చేతుల వల్ల కాదు, మిషను వల్ల, కింద నేల గట్టిగా ఉండటం వల్ల. అది చూపించాలనే వచ్చాను. మీరు దాన్నే దాచిపెట్టారు.” మళ్ళీ, “నాదీ తప్పే. ముందు నూట ముప్పై అని చెప్పాల్సింది కాదు. దిద్ది పంపుతాను. ఈ ఏడు మాత్రం మిషన్లు అయిపోయాయి” అంది.

“ఊఁ” అన్నాడు. తర్వాత, “తప్పయిందమ్మా” అన్నాడు.

యజమాని ఫోను తీసుకున్నాడు. లివర్లను చేత్తో ఒక పక్కకు నెట్టాడు. “మీ మరదల్ని రమ్మను. నేను కబురు పెట్టను. ఎందుకు పొమ్మన్నానో, ఎందుకు రమ్మంటున్నానో నువ్వే చెప్పుకో.”

కార్ఖానా గంట కొడుతుంటే అందరూ లోపలికి వస్తున్నారు, అతను బయటికి వెళ్ళాడు. ఇంటి గుమ్మంలో భార్య చెల్లెలి జడ అల్లుతోంది. ఇంత పొద్దున్నే ఎందుకొచ్చావని అడిగింది. మరదలు లేచి, “అక్కా, నేను నీళ్ళు పెడతాను” అని లోపలికి వెళ్ళబోయింది. ఏం చెప్పడానికి వచ్చాడో ఆమెకు తెలిసిపోయినట్టుంది.

“ఉండు” అన్నాడు. “ఇద్దరూ వినాలి.”

కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే మొదటినుంచీ చెప్పాడు.