పేడ కలిపే ముఖం

"గ్యాసొచ్చినాక నీకు పనే లేకుండా పాయ గదమ్మీ" అంది యశోదమ్మ, వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని, అప్పుడే కాగిన టీ ఊదుకుంటూ.

ఆ మాట చెవిన పడేసరికి కోడలు నాగవేణి మోచేతుల దాకా పేడలో ఉంది. గోబర్ గ్యాస్ తొట్టి మీదికి వంగి, గంపెడు పేడలోంచి గడ్డిపోచలూ గులకరాళ్లూ ఏరి పారేస్తూ, ముద్దలు చిదిమి నీళ్లలో కలుపుతోంది. అత్తకు ఏదో ఒక జవాబు చెప్దామనుకుంది గానీ ఇంతలో ముక్కు దురద పెట్టింది. దాన్ని భుజానికి రుద్దుకునే పాట్లలో జవాబు కాస్తా మరిచిపోయింది. చేతులు పేడలో ఉన్నప్పుడే ముక్కుకు దురద పుడుతుంది. ఈ సంగతి ప్లాంటు కట్టిన సార్లు ఇచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆ ప్లాంటు వచ్చి ఏడు నెలలు. వేంపల్లె దగ్గర ఆ ఊళ్లో పది ఇళ్లకు ఒక సంస్థ వాళ్లు ఊరికే కట్టించి ఇచ్చారు. ఊరికే ఎందుకిస్తారని అందరికీ అనుమానం వచ్చింది. మీ పొయ్యిలో కట్టెలు మండకపోతే ఆకాశంలో పొగ తగ్గుతుంది, ఆ తగ్గిన పొగను సముద్రాల అవతల కంపెనీలవాళ్లు కొనుక్కుంటారు అని వచ్చిన సారు విడమరిచి చెప్పాడు. లేని పొగను కొనేవాళ్లు ఉన్నారని విని యశోదమ్మ నోరు తెరిచింది. "ఉన్న పొగను నలభై ఏండ్లు మింగితిమి నాయనా. అప్పుడొక్కరన్నా బేరానికి రాలేదే" అంది.

అయితే ఒక షరతు ఉంది. రోజూ తొట్టిలో పేడ పడినట్టు రుజువు కావాలి. దానికి ఫోనులో ఒక యాప్. పేడ కలిపే మనిషి ముఖం అందులో ఒక్కసారి ఎక్కిస్తారు. ఆ తర్వాత ప్రతిరోజూ తొట్టి పక్కన అదే ముఖంతో ఫొటో దిగాలి. వేరే ముఖమైతే యాప్ ఒప్పుకోదు. వరసగా మూడు రోజులు ఫొటో పడకపోతే పొయ్యీ పైపులూ విప్పుకుపోతారు.

"పేడ కలిపేది ఎవరమ్మా?" అని సారు అడిగినప్పుడు నాగవేణి కొంగుతో చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, ఒక అడుగు ముందుకు వేసింది. పెళ్లినాడు ఒకసారి, ఆధార్ కార్డుకు ఒకసారి తప్ప తనను ఎవరూ పనిగట్టుకుని ఫొటో తీసింది లేదు. రెండో అడుగు వేసేలోపు ఆమె భర్త ఓబుళరెడ్డి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆడోళ్ల మొగాలు ఊరూరి ఫోన్లలో ఎందుకు సార్. ఇంటి యజమాని నేనుండా గదా. నాది కొట్టుకోండి."

"రోజూ మీరే కలపాల అన్నా" అన్నాడు సారు.

"నేను గాక ఎవరు కలుపుతారు సార్."

ఓబుళరెడ్డికి నాలుగెకరాల చీనీ బత్తాయి తోట ఉంది, అరడజను బర్రెలు ఉన్నాయి, అరడజను తెల్లచొక్కాలు ఉన్నాయి. బర్రెలకూ చొక్కాలకూ మధ్య ఆయన ఎప్పుడూ పది గజాల దూరం పాటించేవాడు. పేడ ఎక్కడుందో ఆయనకు తెలిసేది చెప్పుకు అంటినప్పుడే.

అలా ఆయన ముఖం ఎక్కింది. పొద్దున ఆరింటికి కొట్టంలో పేడ ఎత్తి, రెండు గంపలు తొట్టి దగ్గరికి మోసి, సమంగా నీళ్లు పోసి, గంటసేపు కలిపేది నాగవేణి. అంతా అయ్యాక ఓబుళరెడ్డి ముఖం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, కలిపే కర్ర పట్టుకుని నిలబడతాడు. పదో తరగతి చదివే కూతురు ప్రత్యూష ఫొటో తీస్తుంది.

"నాయనా, కర్ర తలకిందులుగా పట్టుకున్యావు" అందా పిల్ల ఒకరోజు.

"ఏ పక్క పట్టుకుంటే ఏంది. ఫోనుకు తెలుస్తాదా."

రెండు నెలల కిందట పులివెందులలో సంస్థ వాళ్లు సభ పెట్టి ఓబుళరెడ్డికి శాలువా కప్పారు. నాగవేణి కూడా వెళ్లింది, వెనక వరసలో కూర్చుంది. "గ్యాసొచ్చినాక మా ఇంట్లో ఆడమనిషి పొయ్యికాడ మహారాణి మాదిరి కూచుంటాది" అని ఆయన మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు కాబట్టి ఆమె కూడా కొట్టింది. వేదిక వెనక బ్యానరు మీద, గోబర్ గ్యాస్‌తో మహిళకు రోజుకు రెండు గంటలు ఆదా అని రాసి ఉంది. ఇంటికి వచ్చాక ఆ రెండు గంటలు ఎక్కడున్నాయా అని నాగవేణి వారం రోజులు వెతికింది. పొగ లేదు, నిజమే. గిన్నెలకు మసి లేదు, తెల్లవారుజాము దగ్గు లేదు, అదీ నిజమే. ఆ నీలం మంటంటే ఆమెకు ముద్దు కూడాను. పొయ్యి వెలిగించి ఒక్కోసారి ఊరికే చూస్తూ నిలబడేది. కానీ గంటలేవి? వంట ఎప్పటి వంటే. అంట్లు ఎప్పటి అంట్లే. పేడ ఎత్తడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అప్పుడు దిబ్బలో పారేస్తే తీరిపోయేది. ఇప్పుడు దాన్ని పసిబిడ్డకు ఉగ్గు కలిపినట్టు గడ్డ లేకుండా కలిపి పోయాలి. ఒక పూట తప్పితే ప్లాంటు అలుగుతుంది. మరి తప్పిన పని ఏది అని లెక్క తీస్తే, కట్టెలు తేవడం. కట్టెలు కొట్టించి ట్రాక్టరులో తోలించేది ఎవరు? ఓబుళరెడ్డి. అప్పుడు దొరికాయి ఆమెకు ఆ రెండు గంటలు. ఆయన వాటిని రోజూ వేంపల్లె టీ అంగడిలో కూర్చుని ఖర్చు పెడుతున్నాడు.

ఈ సంగతి ఎదురింటి దిల్షాద్‌బీకి చెబితే, గోడ పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. దిల్షాద్‌బీ భర్త కువైట్‌లో పని చేస్తాడు. ఆమె ఇక్కడ రెండు బర్రెలనూ ఇద్దరు పిల్లలనూ చూసుకుంటుంది. ఆమె ఇంటి ప్లాంటులో ఆమె ముఖమే ఉంది.

"అక్కా, నవ్వులు గాదు, ఇంకో మాట. వేంపల్లెలో సోలార్ పంపులూ గోబర్ గ్యాస్ పొయ్యిలూ రిపేరు చేసేది నేర్పిస్తారంట, ఆడోళ్లకే. నలభై దినాలు. పొద్దన్నే ఎనిమిదికి క్లాసు. సర్టిఫికెట్టు ఇచ్చి ఇరవై ఊర్లు మనకే అప్పజెప్తారంట. నేను పోతాండా, నాది రెండు బర్రెల పేడే గదా, ఏడుకే అయిపోతాది. నువ్వూ రా."

"నాకెందుకు దిల్షాదూ, పదో తరగతి తప్పినదాన్ని."

"పైపులో నీళ్లు నిలబడి మంట రాకపోతే సారు మూడు దినాలకు వస్తానన్యాడు. నువ్వు అరగంటలో బిరడా తిప్పి నీళ్లు దించితివి. ఆ సారేమన్నా ఇరవై తరగతులు చదివినాడా?"

నిజమే. అది తనే బాగు చేసింది. ఆ సాయంత్రం టీ అంగడిలో ఓబుళరెడ్డి, నేనే చేసినా అని చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది. నాగవేణికి అప్పుడు కోపం రాలేదు. ఇప్పుడు దిల్షాద్‌బీ మాటతో ఆలస్యంగా వచ్చింది. దానితోపాటు ఆశ కూడా వచ్చింది. ఆశే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఇరవై ఊర్లు. తను పానా సంచీ భుజాన వేసుకుని ఆటో దిగుతుంది, ఎవరో కుర్చీ వేస్తారు, మంచినీళ్లు ఇస్తారు. ఆ కుర్చీ దగ్గర ఆమె ఊహ ఆగిపోయి రెండు రోజులు అక్కడే తిరిగింది.

మూడో రోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"పోతే పో, నేనేమన్నా వద్దంటినా" అన్నాడు ఓబుళరెడ్డి. "గ్యాసెవరు చూస్తారు?"

"నలభైకి దగ్గర పడి బడికి పోతాదంట. రెండు జడలేసుకోని పోమ్మీ" అంది యశోదమ్మ. "గ్యాసు రిపేరు నేర్సుకునేదానికి పోయి ఇంట్లో గ్యాసు నిలబెడ్తావా?"

క్లాసు ఎనిమిదికి. ఆటో ఏడుంబావుకు. తొట్టి పని ముగిసేది ఎనిమిదికి. ఆ ముక్కాలు గంట ఎక్కడా దొరకలేదు. సోమవారం క్లాసు మొదలు. శనివారంలోగా పేర్లు ఇవ్వాలి.

ఆ వారంలోనే యాప్ మారింది. ఇక నుంచి ఒక ఫొటో చాలదు. ఖాళీ తొట్టి దగ్గర ఒకటి, పేడ వేస్తూ ఒకటి, కలుపుతూ ఒకటి, ప్లాంటులోకి వదులుతూ ఒకటి. నాలుగింటిలోనూ ముఖం ఉండాలి, చేతులు ఉండాలి, కలిపే ఫొటోలో చేతులు తొట్టిలో ఉండాలి.

ఓబుళరెడ్డి బాగా ఆలోచించాడు. తను తొట్టి వెనక గొంతుక్కూర్చున్నాడు. నాగవేణిని తన వెనక మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఆమె చేతులను తన చంకల కిందుగా ముందుకు పెట్టించి తొట్టిలో ముంచమన్నాడు. ఆయన వీపుకు ముఖం ఆనించి, కళ్లు కనపడక, పేడలో గుడ్డిగా చేతులు తిప్పింది నాగవేణి. ప్రత్యూషకు నవ్వు ఆగక ఫోను మూడుసార్లు ఊగింది. ఎలాగో ఫొటో యాప్‌లోకి ఎక్కింది. పది నిమిషాలకు సారు ఫోను చేశాడు.

"అన్నా, గాజులు ఎప్పుడేసుకున్యారు?"

ఆ మరునాటి నుంచి ఓబుళరెడ్డి తనే చేతులు ముంచాల్సి వచ్చింది. ఫొటో కోసం మాత్రమే. మణికట్టు దాకా ముంచి, క్లిక్‌మనగానే తీసి, రెండు చెంబుల నీళ్లతో కడుక్కునేవాడు. మిగతాది నాగవేణి కలిపేది. శనివారం పొద్దున ఆమె అలా కలుపుతుండగా, ఆయన తర్వాతి ఫొటో కోసం పక్కనే నిలబడి ఆవలిస్తున్నాడు. ఆమె చేతులు తమంతట తామే ఆగిపోయాయి. నాలుగు ఫొటోలకూ ఈ మనిషి గంటసేపు ఇక్కడే ఉన్నాడు. ఊరికే నిలబడి ఉన్నాడు. ఫోను అడుగుతున్నది ఈయన ముఖం, ఈయన చేతులు. నన్ను అడగలేదు. నేను పోయినా పట్టించుకోదు. ఏడు నెలలుగా తను ఇక్కడ లేనట్టే ఆ ఫోనులో రాసి ఉంది. లేని మనిషి వేంపల్లెకు పోతే ఏమవుతుంది?

ఆ మధ్యాహ్నం దిల్షాద్‌బీ చేత పేరు ఇప్పించింది.

సోమవారం పాలు పిండి, వంట చేసి, ఏడింటికల్లా ఉతికిన చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తొట్టి ఎండిపోయి ఉంది.

"యాడికి?" అన్నాడు ఓబుళరెడ్డి.

"వేంపల్లెకు. క్లాసుకు పోతాండా."

"తొట్టి?"

"తొట్టికాడ ఉండాల్సింది నీ మొగమంట గదా" అంది. ఆటో హారన్ కొట్టింది. ఆటో ఎక్కాక కూడా మొదటి మలుపు దాకా ఆమె వెనక్కి తిరగలేదు, ధైర్యం చాలక.

క్లాసులో ఆ రోజు పానాల పేర్లు చెప్పారు. ఇంట్లో జరిగింది రోజూ సాయంత్రం ప్రత్యూష చెప్పేది. నాయన మొదట పారతో కలపబోయాడంట. పక్కింటి ఖమర్‌బీ గోడ మీంచి, "పారతో గాదప్పా, చేత్తో చిదుపు. ముద్దలు, ముద్దలు" అని చెప్పిందంట. రెండో రోజు నీళ్లు ఎక్కువయ్యాయి. మూడో రోజు గడ్డి ఏరకుండా వేస్తే గొట్టం పట్టేసింది. నాలుగో రోజుకు మంట గుడ్డి దీపమంత అయింది, టీ కాగలేదు. వసారాలో యశోదమ్మ మొదట్లో, "బిడ్డ చేతులు ఎట్లయినాయో" అని వాపోయింది. టీ లేకపోయేసరికి లేచి కర్ర పట్టుకుని తొట్టి దగ్గరికే వచ్చింది.

"ఒరే అబ్బీ, పొంతన లేకుండా పోసినావు. నీళ్లెంతో పేడంత. నీ పెండ్లాము కలిపేటప్పుడు కండ్లు యాడ పెట్టుకోని ఉంటివిరా?"

కొడుక్కి పని చెప్పే అవకాశం ఆమెకు నలభై ఏళ్లకు దొరికింది. మరునాడు పొద్దున ఏడింటికే కుర్చీ వేయించుకుని కూర్చుంది. నాగవేణి ముఖం తిప్పుకుని నవ్వుకుంది. ఇన్నాళ్లూ నీకు పనే లేదని తనతో అన్న అత్తేనా ఈమె అని అనుమానం కూడా వచ్చింది.

శుక్రవారం సాయంత్రం, ఎండ ఇంకా గోడల మీద ఉండగానే, ఆమె గడప మీద కూర్చుని నోటుపుస్తకంలో పంపు బొమ్మ గీస్తోంది. రేపు మోటారు విప్పి చూపిస్తారు. ఓబుళరెడ్డి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చేతిలో ఫోను ఉంది. గోళ్ల సందుల్లో పచ్చటి గీతలు ఉన్నాయి.

"సారుతో మాట్లాడినా" అన్నాడు. "ఒక్కసారి మొగం మార్చుకోవచ్చంట. పాపది పెడదామంటే పద్దెనిమిది నిండాలంట."

"పాపది అడిగినావా?" అంది నాగవేణి, పెన్సిలు ఆపి.

"అమ్మ అడగమనింది" అన్నాడు చూపు తప్పించి. "అది పోనీ. నీదే పెడదాం. మొదట్లో నువ్వే గదా ముందుకొచ్చింది. ఇంక నీ పేరే వస్తాది. వచ్చేసారి శాలువా గూడా నీకే."

"ఆడోళ్ల మొగాలు ఫోన్లలో ఎందుకంటివే."

"కాలం మారింది గదమే" అన్నాడు ఓబుళరెడ్డి, అది మారడంలో తన పాత్ర కూడా ఉన్నట్టు. "ఈ పక్క చూడు. ఒక్క నిమిషం."

ఆమె తల ఎత్తింది. ఫోను ఆమె ముఖం చుట్టూ పచ్చటి గుండ్రం గీసింది. లోపలి నుంచి ఆడగొంతు ఒకటి మర్యాదగా పలికింది: "ముఖం కనిపించింది. మీ సమ్మతి తెలపడానికి ఒకసారి కళ్లు ఆర్పండి."

అంతే కావాలి. ఒక్క రెప్పపాటు. పందొమ్మిదేళ్లలో ఈ ఇంట్లో ఆమె సమ్మతి అడిగింది ఇప్పటికి ఇదొక్కటే, అదీ ఫోను. రేపటి మోటారూ, ఆ తర్వాతి ముప్పై నాలుగు రోజులూ, ఆ ఇరవై ఊర్లూ, ఎవరో వేయబోయే కుర్చీ, అన్నీ ఆ రెప్ప మీద నిలబడి ఉన్నాయి. నాగవేణి కళ్లు పెద్దవి చేసి సూటిగా చూసింది. ఫోను రెండోసారి అడిగింది. మూడోసారి అడిగింది.

"ఆర్పుమే" అన్నాడు ఓబుళరెడ్డి. "తెలీలేదా? అట్ల గాదు. ఇట్ల. నన్ను చూడు, ఇట్ల." ఫోను పక్క నుంచి తల ముందుకు పెట్టి, చిన్నపిల్లలకు నేర్పినట్టు, ఒకటి రెండు మూడు నాలుగుసార్లు గట్టిగా కళ్లు ఆర్పి చూపించాడు.

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా రెప్ప వాల్చకుండా నాగవేణి అంది:

"శానా బాగా ఆర్పుతాండావు. ఫోను నీ పక్కకు తిప్పుకో."