నూట పద్నాలుగో నంబరు గది

ఆ రేకుముక్కని చెట్టుకి కొట్టింది నేనే. సుత్తి నాది, మేకులు నావి, ఆ దిక్కుమాలిన తెలివి కూడా నాదే. అందుకని ఈ కథలో ఎవరిని తిట్టాలన్నా ముందు నన్ను తిట్టుకోవాలి. తిట్టుకున్నాను, సరిపడా. ఇక మిగతావాళ్ళ సంగతి చెప్తాను.

మా వ్యవసాయ కళాశాల సెర్బియాలో మొరావా నది పక్కన ఉంది. పండ్ల తోటల శాఖలో పదకొండేళ్ళుగా కొమ్మల కత్తిరింపు నేర్పుతున్నాను. పేరు వుకొసావా. అందరూ వుకా అంటారు. మా భవనం వెనక ముప్ఫై ఎనిమిది ప్లమ్ చెట్లు ఉండేవి. అన్నీ పాత రకం, దేశమంతా తినేసిన తెగులు ముట్టని చెట్లు. మా గురువు ప్రొఫెసర్ తిహోమిర్ డొక్కు కారులో ఊరూరా తిరిగి, ముసలమ్మల్ని బతిమాలి, వాళ్ళు పోసిన రాకియా, అదే పళ్ళ సారా, కాదనలేక తాగి, పెరట్లోంచి ఒక్కో కొమ్మ తెచ్చి అంటుకట్టారు. ముప్ఫై ఏళ్ళ పని అది. అందులో ఆయన కాలేయం కూడా కొంత ఖర్చయింది.

ఆయన చదువు చెప్పే పద్ధతి వేరు. మొదటి ఏడాది ప్రతి విద్యార్థికీ చెట్టులో ఒక వైపు ఇచ్చి, కొమ్మకి పేరు కట్టి, చేతికి కత్తెర ఇచ్చేవారు. ఎక్కడ కొయ్యాలో ఒకసారి చూపించి ఊరుకునేవారు. కుర్రవాడు తప్పు చోట కోస్తే రెండో ఏడాది అక్కడే కాయ కాయని నీటికొమ్మలు పదిహేను గుబురుగా లేస్తాయి. మూడో ఏడాది ఆ వైపు కాయ ఉండదు. అప్పుడు తీసుకెళ్ళి చూపించి, "చూశావా, చెట్టు నీ పేపరు దిద్ది ఇచ్చింది" అనేవారు. మార్కులు మూడో ఏడాది చివర్లోనే. మా దగ్గర పదికి పది తెచ్చుకున్నవాళ్ళు ముప్ఫై ఏళ్ళలో తొమ్మిదిమంది. అందులో నేను లేను. నాకు ఎనిమిది.

ఏడేళ్ళకోసారి ప్రతి శాఖకీ, ప్రతి కోర్సుకీ నాణ్యతా మదింపు జరుగుతుంది. నెగ్గితే అక్టోబరులో కొత్త పిల్లల్ని చేర్చుకోవచ్చు. ఓడితే కోర్సు మూత. ఉన్న ఇరవై ఇద్దరు పిల్లల్నీ గోధుమల శాఖ వాళ్ళలో కలిపేస్తారు. తోట స్థలం మీద యంత్రాల శాఖవాళ్ళ కన్ను ఎప్పటినుంచో ఉంది, ట్రాక్టర్లు నిలుపుకోవడానికి. మదింపు పోతే చెట్లు కూడా పోయినట్టేనని మాకందరికీ తెలుసు.

నాలుగు వందల పేజీల నివేదిక రాశాం. విద్యార్థికి ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని పుస్తకాలు, అధ్యాపకుడికి ఎన్ని పరిశోధన పత్రాలు. తోటలో కాయ ఎలా ఉందని మాత్రం ఏ పేజీలోనూ అడగలేదు. ఫిబ్రవరిలో, నివేదిక పంపాల్సిన చివరి రోజున, నాణ్యత వ్యవహారాలు చూసే ఉప డీన్ ల్యూబివోయె నా గదికి వచ్చాడు. నేలల శాస్త్రం చదివినవాడే గానీ బూటుకి మట్టి అంటి పదేళ్ళయి ఉంటుంది.

"వుకా, తొమ్మిదో పట్టికలో ఎర్రగీత పోవట్లేదమ్మా."

"దేనికి?"

"కత్తిరింపు ప్రాక్టికల్, నూట ఇరవై గంటలు. ఎక్కడ జరుగుతుందని అడుగుతోంది."

"తోటలో. ఇంకెక్కడ జరుగుతుంది?"

"తోటకి గది నంబరేదీ?"

"తోటకి గది నంబరేంటండీ! మీకేమన్నా మతి పోయిందా?"

"నాకు కాదు తల్లీ, కంప్యూటరుకి. నంబరు లేకపోతే గంటలు లెక్కలోకి రావు. గంటలు లేకపోతే కోర్సు లేదు. అయిదింటికి మూసేస్తారు."

రాజధానిలో మదింపు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ ఒకే అమ్మాయి, ఒకే తీపి గొంతుతో చెప్పింది. "మీ సూచన నమోదు చేసుకున్నామండీ. ఆరుబయట బోధనకి గడి వచ్చే ఏడేళ్ళ పట్టికలో పెడతారట." వచ్చే ఏడేళ్ళ దాకా మేముంటేగా! ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

మా భవనంలో చివరి గది నూట పదమూడు, అంటుకత్తులు పెట్టుకునే కొట్టు. దాని తలుపు తీస్తే తోట. నాకు తిక్క రేగింది. పాత డబ్బా మూత ఒకటి తీసుకుని, ఎర్ర రంగుతో 114 అని రాసి, మొదటి చెట్టు మొదలుకి రెండు మేకులు కొట్టాను. తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. గది నంబరు, నూట పద్నాలుగు. విస్తీర్ణం, పదకొండు వందల నలభై చదరపు మీటర్లు. కుర్చీలు, అరవై. బోర్లించిన పండ్ల పెట్టెలు అరవై ఉన్నాయి మరి. పైకప్పు ఎత్తు అడిగింది. "మబ్బుని బట్టి అని రాయి" అన్నారు తిహోమిర్ మాస్టారు వెనకనుంచి. అంకెలు తప్ప తీసుకోనంది. తొంభై తొమ్మిది మీటర్లని కొట్టాను.

ఎర్రగీత పోయింది. పట్టికంతా పచ్చగా వెలిగింది. అందరం పగలబడి నవ్వుకున్నాం. ల్యూబివోయె బల్ల సొరుగులోంచి రాకియా సీసా తీశాడు. మాస్టారు తోటలోకి వెళ్ళి, ఆ రేకు మీద వేలి కణుపుతో టకటకమని కొట్టి, టోపీ తీసి, "లోపలికి రావచ్చా మేడమ్?" అని అడిగారు. ఆ రోజు నా అంత తెలివిగలది సెర్బియాలో లేదనుకున్నాను.

మార్చి మధ్యలో కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు, మూడు లావుపాటి ఫైళ్ళు. పెద్దావిడ ప్రొఫెసర్ స్పోమెంకా, కోళ్ళ పెంపకంలో నిపుణురాలు. పండ్ల శాఖకి కోళ్ళావిడని ఎందుకు పంపారో అడక్కండి. కోళ్ళ శాఖకి పండ్లాయన వెళ్ళి ఉంటాడు. పొద్దుటినుంచీ గ్రంథాలయంలో పుస్తకాలు, గదుల్లో హీటర్లు, మరుగుదొడ్ల తలుపుల వెడల్పు చూశారు. విద్యార్థుల అభిప్రాయాల కాగితాలు తిరగేశారు. 'మీ అధ్యాపకులు వాడే ఆధునిక బోధనా సాధనాలేవి' అన్న ప్రశ్నకి మా పిల్లలందరూ 'కత్తెర' అని రాశారు. దానికి అయిదుకి ఒకటి పడింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర స్పోమెంకా కళ్ళద్దాలు సర్దుకుని, "ఇప్పుడు నూట పద్నాలుగు చూద్దాం. మీ కళాశాలలో అన్నిటికంటే పెద్ద హాలు అదేనట కదా" అంది. ల్యూబివోయె నోట్లో క్యాబేజీ చుట్ట అలాగే ఉండిపోయింది.

తీసుకెళ్ళాను. సన్నగా మంచు, వాన కలిసి పడుతోంది. మూడో ఏడాది పిల్లలు నిచ్చెనల మీద ఉన్నారు. ఆవిడ రేకు దగ్గర ఆగింది. రేకు చూసింది, పైకి చూసింది, ఫైలు చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వితే అంతా చెప్పేద్దామని నోరు తెరుచుకునే ఉన్నాను.

మాస్టారు ఊరుకోలేక నిచ్చెన మీదున్న పిల్లని పిలిచారు. "యాగొదా, ఈ మేడమ్‌కి నీ కొమ్మ చూపించు."

యాగొదా దిగి వచ్చి, ముక్కు చేతితొడుగుకి తుడుచుకుని చెప్పింది. "ఇదిగోండి, ఇక్కడ మొదటి ఏడాది మోడు వదిలేసి కోశాను. చచ్చిపోయింది, చూడండి. ఇక్కడేమో ఆశకొద్దీ మొగ్గలన్నీ ఉంచేశా. కొమ్మ విరిగిపడింది. ఇది ఈ ఏడాది కోసింది. ఇది సరిగ్గానే ఉంటుంది."

"సరిగ్గా ఉందని నీకెలా తెలుసమ్మా?"

"ఇంకా తెలీదండీ. ఎండాకాలంలో చెట్టు చెప్తుంది."

స్పోమెంకా ఆ కోతని వేలితో తడిమి చూసింది. చాలాసేపు తడిమింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, ముప్ఫై కళాశాలలు చూశాను. ఇలా చెప్పిన పిల్ల ఎక్కడా లేదు."

"మరి అదే రాయండి మేడమ్!"

"ఎక్కడ రాయను? నాకున్నవి మూడు గడులు. ఉంది, లేదు, కొంత ఉంది. ఈ హాలుకి పైకప్పు ఉందా?"

"ఇది హాలు కాదండీ, తోట! ఎర్రగీత పోవట్లేదని నేనే..."

"నువ్వు హాలని రాశావు. సంతకం ఉంది. కాదంటే తప్పుడు సమాచారం కింద ఈ రోజే మూసెయ్యాలి. అలా చెయ్యమంటావా?"

వద్దని తల ఊపాను. ఆవిడ నిజంగానే బాధపడింది, అది చూశాను. బాధపడుతూనే 'కొంత ఉంది' గడిలో గీత పెట్టింది.

ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. బోధన ఉత్తమం. విద్యార్థుల నైపుణ్యం ఉత్తమం. నూట పద్నాలుగో హాలు ప్రమాణాలకి తగినట్టు లేదు. పైకప్పు, హీటర్లు, అత్యవసర ద్వారం, అగ్నిమాపక బండి తిరిగే చోటు లేవు. సెప్టెంబరు ఆఖరులోగా సరిచెయ్యాలి, లేకపోతే అనుమతి రద్దు.

ల్యూబివోయె ముఖం మాత్రం వెలిగిపోతోంది. "మంచిదే అయింది వుకా! నాణ్యత పెంపు పథకంలో రెడీమేడ్ హాలు ఊరికే ఇస్తారట. రెండు నెలల్లో నిలబెట్టేస్తారు."

"ఎక్కడ నిలబెడతారు?"

"నూట పద్నాలుగులో."

"అక్కడ చెట్లున్నాయి కదండీ!"

"మరి హాలు కూడా అక్కడే ఉంది కదమ్మా. కొలతలు నువ్వే ఇచ్చావు."

"పాల శాఖ వెనక ఖాళీ ఉంది. అక్కడ కట్టండి."

"కొత్త చోటంటే కొత్త అనుమతి. రెండేళ్ళు. మన గడువు సెప్టెంబరు."

ఆ నెలంతా నేను ఎక్కని మెట్టు లేదు. తోటలో సగం ఉంచమన్నాను. కుదరదన్నారు. హాలుకి ఇరవై చెట్లు పోవాలి, అగ్నిమాపక బండికి పది. మిగతా ఎనిమిదీ కిటికీలకి వెలుతురు ఆపుతాయట. సహజమైన వెలుతురు ఇంత ఉండాలని ప్రమాణం ఉంది మరి. తోటకి సహజమైన వెలుతురు లేదని ఎవరైనా అంటే నవ్వుతారు. అక్కడ ఎవరూ నవ్వలేదు. నాకైతే ఏడుపొచ్చింది, వాళ్ళ ముందే ఏడ్చాను కూడా.

మే నెలలో కళాశాల మండలిలో ఓటింగు పెట్టారు. మా శాఖ తరఫున ఓటు నాది. చెట్లు నరకడానికి ఒప్పుకుంటే కోర్సు నిలుస్తుంది. ఒప్పుకోకపోతే కోర్సూ పోతుంది, ట్రాక్టర్లకోసం చెట్లూ పోతాయి. మాస్టారు గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు. సెప్టెంబరులో ఆయన పదవీ విరమణ, ఓటు లేదు. ఆయనకేసి చూశాను. ఆయన నాకేసి చూడలేదు. ఇరవై ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. చెయ్యెత్తాను.

ఆగస్టులో రంపాలు వచ్చాయి. కాయ అప్పుడే నీలం తిరుగుతోంది. కోతకి మూడు వారాలు ఆగమన్నాను. కుదరదన్నారు. అంతకుముందు వారం నేనూ, మాస్టారూ, యాగొదా పొద్దున్నే వచ్చి ప్రతి చెట్టునుంచీ మొగ్గలు తీసి అంటుకట్టుకున్నాం. మొక్కలు మాస్టారి ఊళ్ళో పెరట్లో ఉన్నాయి. కళాశాల నేలలో నాటితే వాటిని ఏ పట్టికలో రాయమంటారోనని భయం. నిండుగా కాపుకొచ్చి పిల్లల కత్తెరకి లొంగడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది.

చెట్లు పడిపోతుంటే పేర్లు కట్టిన దారాలు అలాగే ఉన్నాయి. యాగొదా తన కొమ్మ వెతుక్కుంది. ఆ ఏడాది కోసిన చోట, చుట్టూరా కొత్త బెరడు కమ్ముకుని, మూడు కాయలున్నాయి. "సరిగ్గానే కోశాను మేడమ్" అంది.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. నూట పద్నాలుగో హాలు వెచ్చగా ఉంటుంది. నున్నటి నేల, రెండు అత్యవసర ద్వారాలు, గోడంత తెర. కొట్టేసిన చెట్లలోంచి ఆరు కొమ్మల్ని దాచి, సిమెంటు పోసిన డబ్బాల్లో నిలబెట్టాను. మొదటి ఏడాది పిల్లలు వాటి చుట్టూ నిలబడి కోశారు. చలికి ముక్కులు తుడుచుకోనక్కర్లేకుండా, శుభ్రంగా.

ఒక పిల్లవాడు కత్తెర ఆపి అడిగాడు. "మేడమ్, నేను కోసింది తప్పయితే ఎలా తెలుస్తుంది?"

పదకొండేళ్ళుగా ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబుండేది. వచ్చే ఏడాది వచ్చి చూడు, అనేదాన్ని. ఎండిపోయిన కొమ్మ మీద ఎలా కోసినా ఒకటే. "బాగానే కోశావులే" అన్నాను.

కొత్త నిబంధన ప్రకారం మార్కులు ఆ నెలలోనే వెయ్యాలి. తప్పు పట్టుకునే ఆధారమేదీ లేక అందరికీ పదికి పది వేశాను. వారం తిరక్కుండా ల్యూబివోయె కేకు పట్టుకొచ్చాడు. మా శాఖ సగటు మార్కులు ఏడునుంచి పదికి పెరిగాయట, కళాశాలలోనే మొదటి స్థానమట. రాజధానినుంచి వచ్చిన ప్రశంసా పత్రం హాలు గోడకి తగిలించాడు.

ఆ సాయంత్రం మార్కుల కాగితాలు సర్దుతుంటే తలుపు మీద టకటకమని చప్పుడైంది. చెట్టునుంచి ఊడదీసి ఆ తలుపుకి కొట్టింది పాత రేకే. మాస్టారు టోపీ తీసి లోపలికి వచ్చారు. డబ్బాల్లో కొమ్మలు చూశారు. ఒక కోత మీద బొటనవేలు పెట్టి చూశారు. బల్ల మీది కాగితం తీసి వరసగా ఉన్న పదులన్నీ చదివారు, తొందరేమీ లేకుండా.

"వీటిని ఎవరు దిద్దారు వుకా?" అని అడిగారు.

"నేనే మాస్టారూ."