ఖాళీ ఇల్లు పరీక్ష

నాకు ముక్కు మీద కోపం అని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే మా మేనేజరు ఎదురుగా వచ్చి చెప్పకుండా మెయిలు పెట్టాడు. "ఆ ముసలి మెషీన్, తాతగారి మీద ఆ ఒక్క టెస్టు ఇంకా ఫెయిలవుతూనే ఉంది. శుక్రవారానికి పాసవకపోతే ఆ సిస్టంకి సపోర్టు తీసేద్దాం, మెషీన్ ఆపేద్దాం" అని. చదివీ చదవగానే ఆయన గదిలోకెళ్ళి ఒంటికాలి మీద లేచాను. ఆయన పాపం మంచివాడే. "ఆ సిస్టం వాడేవాళ్ళు ఇంకా ఎవరున్నారమ్మా?" అన్నాడు మెల్లగా. ఆ సిస్టం ఏ గంగలో కలిసినా నాకు బాధ లేదు. ఆ మెషీన్ మాత్రం ఆగకూడదు. ఎందుకో ఆయనకి చెప్పుకోలేను.

మా పని గురించి చెప్పడం మొదలుపెడితే చుట్టాలు ఆవులిస్తారు. ఒకే కంప్యూటర్లో ఉన్న రెండు ప్రోగ్రాములు, బయటి నెట్‌వర్క్ జోలికి పోకుండా, తమలో తాము మాట్లాడుకునే దారిని లోకల్ సాకెట్ అంటారు. ఒకటి ఒక పేరు పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంటుంది. ఇంకోటి ఆ పేరు వెతుక్కుంటూ వచ్చి తలుపు కొడుతుంది. ఇంతేగా అనిపిస్తుంది. కానీ ఆ తలుపు ఒక్కో ఆపరేటింగ్ సిస్టంలో ఒక్కో రకం. ఒకదాంట్లో డిస్కు మీద ఫైలు. ఒకదాంట్లో వట్టి పేరే, ప్రోగ్రాం పోయిందంటే పేరూ పోతుంది. ఇంకోదాంట్లో అసలు సాకెట్టే కాదు, పైపు. వీటన్నిటినీ వాడేవాళ్ళకి ఒకేలా కనిపించేలా చేసే లైబ్రరీ మాది. దాన్ని మొదలుపెట్టింది మా అన్నయ్య. ఏ సిస్టం ఏం మార్చినా, ఏది విరిగినా, నిద్ర మానుకుని బాగుచేసిందీ అన్నయ్యే. అన్నయ్య పోయాక అది నా నెత్తి మీద పడింది.

క్యాంటీను వెనక స్టోర్ రూంలో మా టెస్టు మెషీన్లుంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో సిస్టం. కిటికీ లేదు, ఏసీ చలి, ఎప్పుడూ దుమ్ము వాసన. చివర్లో ఉన్న లావుపాటి బూడిదరంగు డబ్బానే తాతగారు. దాని ఫ్యాను అచ్చం దగ్గినట్టే ఉంటుంది. దాని ముందున్న కుర్చీకి అన్నయ్య స్వెట్టరు ఇప్పటికీ వేలాడుతూనే ఉంది. ఎవరూ తియ్యలేదు, నేనూ తియ్యనివ్వలేదు.

ఆ కుర్చీలోనే పోయాడు అన్నయ్య. పట్టపగలు, గుండె ఆగిపోయి. అంతకు కాసేపటి ముందే వదిన ఫోన్ చేసింది, భోజనానికి వస్తున్నారా అని. "ఉన్నా, ఆగు" అని పెట్టేశాడట. అన్నయ్య మళ్ళీ చెయ్యలేదు, వదినా చెయ్యలేదు. అప్పట్నుంచీ వదిన చేతిలోంచి ఫోను దించదు. వీధి తలుపుకి గడియ వెయ్యదు, పగలూ లేదు, రాత్రీ లేదు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా "ఆగమన్నారుగా" అంటుంది. లెక్కల టీచరండీ ఆవిడ! పిల్లలు ఒక మెట్టు ఎగరగొట్టి జవాబు రాస్తే సున్నా వేసే మనిషి.

ఇక ఆ టెస్టు సంగతి. దాని పేరు ఖాళీ ఇల్లు. అన్నయ్యకి మహా ముద్దు అది. కొన్ని సిస్టాల్లో ప్రోగ్రాం చచ్చిపోయినా దాని తలుపు, అంటే ఆ ఫైలు, అక్కడే పడి ఉంటుంది. అలాంటి తలుపు కొడితే లోపల ఎవరూ లేరని వెంటనే జవాబు రావాలి, కొట్టినవాణ్ణి నిలబెట్టకూడదు. అదీ పరీక్ష. "లోపల మనిషి లేనప్పుడు ఎవర్నీ గుమ్మంలో నిలబెట్టడం పాపం" అనేవాడు అన్నయ్య. మిగతా టెస్టులన్నీ పాత తలుపు ఫైళ్ళు ఊడ్చేశాకే మొదలవుతాయి. ఈ ఒక్కటి మాత్రం ఊడవదు, పాత తలుపు ఉండటమే దానికి కావాలి.

అన్నయ్య పోయినప్పట్నుంచీ తాతగారి మీద ఖాళీ ఇల్లు ఫెయిలవుతోంది. మిగతా అన్నిచోట్లా ఎవరూ లేరని వస్తుంది. ఇక్కడ లైను కలుస్తుంది. అవతల ఎవరో అందుకుంటారు. మొదట ముసలి మెషీన్ చాదస్తం అనుకున్నాను. ఒకరోజు విసుగొచ్చి నేనే చేత్తో తలుపు కొట్టి చూశాను. కాస్త ఆగి, కుర్చీలోంచి లేవడానికి పట్టేంత సేపు ఆగి, తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మాటలు వచ్చాయి.

"ఉన్నా. ఆగు."

చిన్నప్పట్నుంచీ ఏ మూసిన తలుపు కొట్టినా అన్నయ్య లోపల్నుంచి అనే మాట అది. ఒళ్ళంతా చెమటలు, ఆ ఏసీలో!

దెయ్యం కాదు లెండి, నాకు తెలుసు. నడుస్తున్న ప్రోగ్రాముల్లో వెతికితే అన్నయ్య లాగిన్ పేరు మీద ఒకటి దొరికింది. తను పోయిన రోజున ఏదో ప్రయోగానికి రాసి, నడిపి, అలాగే వదిలేసి ఉంటాడు. ఖాళీ ఇల్లు వాడే పేరు మీదే అది కూర్చుంది. రాసిన కోడు తాత్కాలిక ఫోల్డర్లో పెట్టినట్టున్నాడు, ఆ ఫోల్డరు తనంతట తానే ఖాళీ అయిపోతుంది. అంటే ఆ ప్రోగ్రాం ఇప్పుడు ఎక్కడా లేదు, తాతగారి మెమరీలో తప్ప. మెషీన్ ఆపితే పోతుంది. ఆగు అన్న తర్వాత అది ఏం చేస్తుందో చెప్పగలిగినవాడు లేడు. నేను చాలాసార్లు లైను కలుపుకుని దాని ముందు కూర్చున్నాను. ఫ్యాను దగ్గుతుండేది. తెర మీద ఇంకో అక్షరం వచ్చేది కాదు. నా వెనక కుర్చీలో స్వెట్టరు ఉందని తెలిసి కూడా వెనక్కి తిరిగేదాన్ని కాదు.

మేనేజరు గడువు పెట్టాక ఇక దాచలేక వదినకి చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. "ఆ తర్వాతి మాట కావాలి నాకు" అంది, అంతే. "ఏం చెప్పబోయారో వినకుండా ఆ మెషీన్ ఆపనివ్వను. తీసుకెళ్ళు నన్ను."

మాతో పనిచేసే కుర్రాడు కాని కుర్రాడు ఒకడున్నాడు, నలభై దాటినవాడు. సోడాబుడ్డి అద్దాలు, అందుకే కళ్ళజోడు అంటాం. అన్నయ్యంటే ప్రాణం. వాడితో అన్నాను, "నీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి చేసి ఆ టెస్టు పాసయ్యేలా చూడు. మెషీన్ ఉంటే చాలు" అని. అసలు సంగతి వాడికీ చెప్పలేదు.

మర్నాడు బడి నుంచి సగం పూట సెలవు పెట్టి వదిన వచ్చింది. స్వెట్టరు వైపు చూసి, ఆ కుర్చీలోనే కూర్చుంది. నేను లైను కలిపాను. కాస్త ఆలస్యంగా, ఎప్పటిలాగే, "ఉన్నా. ఆగు." వచ్చింది. వదిన చెయ్యి చాచి ఆ అక్షరాల మీద వేళ్ళు పెట్టింది. నాకు చూడబుద్ధి కాలేదు. మంచినీళ్ళు తెస్తానని బయటికి వచ్చేశాను.

వరండాలో కళ్ళజోడు ఎదురొచ్చాడు. మొహం చాటంత చేసుకుని ఉన్నాడు. "తాతగారు పాసయ్యాడు! అన్నిటిమీదా పాస్! మేనేజరు ఇప్పుడే చూశాడు, మెషీన్ ఆపక్కర్లేదన్నాడు!"

"ఏం చేశావ్?"

"ఏముంది, ఆ టెస్టుకి ముందు కూడా పాత ఫైలు ఊడ్చెయ్యమన్నా. తలుపే లేకపోతే ఎవడు కొడతాడు?"

స్టోర్ రూంలోకి పరిగెత్తి పక్క తెర మీద చూశాను. అన్నయ్య ప్రోగ్రాం అలాగే నడుస్తోంది. కొత్తగా తలుపు కొట్టాను. ఆ పేరుతో ఏమీ లేదని వచ్చింది. మళ్ళీ కొట్టాను. ఏమీ లేదు. లోపల మనిషి ఉన్నాడు, గుమ్మం పోయింది. అదే పేరుతో ఇంకో ఫైలు పెట్టినా అది ఇంకో ఇల్లే అవుతుంది. లోపల కూర్చున్నవాడికి ఇక జన్మలో ఎవరి పిలుపూ వినపడదు.

"కొంప ముంచావు కదయ్యా!" అని నా వెనకే వచ్చిన కళ్ళజోడు మీద అరిచాను. అప్పుడు చెప్పాను వాడికి అంతా. వాడు కళ్ళజోడు తీసి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. మెషీన్ని కాపాడమంది నేనే, కాపాడాడు.

అప్పుడు గుర్తొచ్చింది. తలుపు పోయినా, అంతకు ముందే లోపలికి వెళ్ళినవాళ్ళ లైను తెగదు. వదిన లైను ఇంకా ఉంది. ఆ ఒక్కటే ఉంది.

"వదినా, ఏదీ ముట్టుకోకు! అది పోతే ఇంక ఏమీ లేదు."

వదిన అంతా విన్నది. కంగారు పడలేదు. "ఇన్నాళ్ళూ ఆగమన్నాక నువ్వేమన్నావు?" అని అడిగింది.

"నేనేమంటాను? ఆగమంటే ఆగాలి. అవతలివాళ్ళు మళ్ళీ మాట్లాడేదాకా ఇవతలివాళ్ళు నోరు మెదపకూడదు. మా లైబ్రరీలో పద్ధతే అది. అన్నయ్య పెట్టిందే."

"మీ అన్నయ్యా? ఆయన పెట్టారా ఈ రూలు?" వదిన నవ్వింది. ఆవిడ నవ్వి ఎన్నాళ్ళయిందో! "ఆగమంటే నేను ఆగి ఉంటే ఆ మనిషి ఒక్కనాడైనా వేళకి కంచం ముందుకి వచ్చేవారా? ఒక్క పిలుపుకి ఎప్పుడు లేచారే ఆయన?" అంటూనే ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. ఫోను వైపు చూసుకుంది. "నేను కూడా ఆగాను. ఆవేళ ఒక్కసారే ఆగాను."

కీబోర్డు దగ్గరికి లాక్కుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. ఏమండీ. అన్నం చల్లారిపోతోంది. రండి.

పంపబోతుంటే గభాలున చెయ్యి పట్టుకున్నాను. "వద్దు వదినా! లైను తెగిపోతే? ఇదొక్కటే మిగిలింది మనకి."

"మిగుల్చుకుని ఏం చేసుకోను చెప్పు? ఆగీ ఆగీ ఎండిపోయానే. వదులు."

వదిలాను. వదిన నొక్కింది.

తాతగారి ఫ్యాను పెద్దగా దగ్గింది. తర్వాత తెర మీద ఒకే ఒక్క మాట వచ్చింది.

"వస్తున్నా."

లైను తెగింది. నడుస్తున్న ప్రోగ్రాముల్లో చూశాను. అన్నయ్య పేరు లేదు. రెండో పిలుపుకి జవాబిచ్చి బయటికి వచ్చేసేలా రాసి ఉంటాడు, అంతే. అంతేనని తెలుసు నాకు, ఆ పని చేసేదాన్నే నేను. చేతుల మీద రోమాలు మాత్రం లేచే ఉన్నాయి.

కళ్ళజోడు తను పెట్టిన ఊడ్చే కోడు తీసేశాడు. ఆ పేరుతో లోపల ఎవరూ లేని తలుపు ఫైలొకటి మళ్ళీ పెట్టి, ఖాళీ ఇల్లు టెస్టుని అన్నయ్య రాసినట్టే నడిపాను. రెప్పపాటులో పాసయింది.

"ఏమంటోంది?" అంది వదిన.

"లోపల ఎవరూ లేరంటోంది."

వదిన తలూపింది. స్వెట్టరు తీసి మడిచి బ్యాగులో పెట్టుకుంది. దాని మీద ఫోను పెట్టి జిప్పు లాగేసింది. "పద, నువ్వూ రా. ఆకలేస్తోంది నాకు" అంది.

ఇంటికి వెళ్ళాం. అన్నం నిజంగానే చల్లారిపోయి ఉంది. వదిన వెచ్చబెట్టి కంచాలు పెట్టింది. మూడు పెట్టింది. ఇంకో రోజయితే అరిచేదాన్నే, నా సంగతి తెలిసిందేగా. ఆవేళ నోరు మూసుకుని కూర్చున్నాను. మూడింట్లోనూ వడ్డించి, వదిన లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ వేసిన చప్పుడు వినిపించింది.

"ఏంటి వదినా?" అన్నాను.

"అందరం వచ్చేశాంగా" అంది, వచ్చి కూర్చుంటూ.

నేను తలొంచుకుని తిన్నాను. మూడో కంచం వైపు చూడలేదు.