కార్డు లేని మనిషి కావాలి

ఒజెల్లా టాల్బర్ట్ చేసిన పొరపాటల్లా బుధవారం ప్రార్థన కూటంలో నోరు విప్పడమే. "నాకు ఆ ఓటు కార్డు వచ్చేలా ప్రార్థించండమ్మా" అంది. ఆ చర్చిలో మనవి చెప్పుకోవడమంటే పని పురమాయించడమే. దేవుడు ఆలకించాడో లేదో తర్వాతి సంగతి, ఆడవాళ్ళు మాత్రం ఆలకిస్తారు. ఎవరికైనా కాలు విరిగిందంటే చాలు, ఆ ఇంట్లో మొక్కజొన్న రొట్టెలూ కోడి వేపుడూ పెట్టుకోవడానికి చోటు చాలదు.

ఒజెల్లా పుట్టింది అమెరికా దక్షిణాదిన పత్తి చేల పక్కన పూరింట్లో, మంత్రసాని చేతుల్లో. పుట్టినట్టు కాగితం లేదు. కరెంటు బిల్లు చూపించి నలభై ఏళ్ళకు పైగా ఓటేసింది. తర్వాత రాష్ట్రం వాళ్ళు కొత్త చట్టం తెచ్చారు. ఓటుకు ఫొటో కార్డు కావాలి. కార్డుకు పుట్టిన కాగితం కావాలి. ఆ కాగితం కోసం వెళితే ముందు ఫొటో కార్డు చూపించమంటారు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. పోలింగు బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు ఆమె చేతి వంట తిని పెరిగినవాడే. "నువ్వెవరో నాకు తెలుసు ఆంటీ, చట్టానికే తెలియదు" అని పంపేశాడు. ఒళ్ళు మండి ఒజెల్లా రాష్ట్రం మీద దావా వేసింది.

దావాలో ముగ్గురుండేవారు. ఒకాయన పోయాడు. ఇంకొకావిడ కూతురి దగ్గరికి డెట్రాయిట్ వెళ్ళిపోయింది. మూడేళ్ళకు మిగిలింది ఒజెల్లా ఒక్కతే.

బుధవారం మనవి వినగానే వెర్డెల్ నడుం బిగించింది. చర్చిలో ఏం జరిగినా పెత్తనం వెర్డెల్‌దే. చనిపోయిన మంత్రసాని కూతురు వృద్ధాశ్రమంలో ఉందని ఆరా తీసింది. చిన్నప్పుడు తల్లి వెంట దీపం పట్టుకుని పురుళ్ళకు తిరిగిన మనిషి ఆవిడ. చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి, ఒజెల్లా పుట్టడం కళ్ళారా చూశానని ఆవిడ చేత ప్రమాణం చేయించింది. కాగితం వచ్చింది. నలుగురు ఆడవాళ్ళు ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీలు పెట్టుకుని ఒజెల్లాను ఆఫీసుకు ఊరేగించారు. కార్డు చేతికొచ్చింది. కేసుకు బలమే అనుకుని ఒజెల్లా పొంగిపోయింది.

కార్డు చూడగానే లాయరమ్మ జోసలిన్ మొహం మాడిపోయింది.

"ఎప్పుడు తీసుకున్నారమ్మా ఇది?"

"పోయిన మంగళవారం. ఫొటో బాగా రాలేదులే."

"ఫొటో సంగతి కాదమ్మా. కార్డు లేక నష్టపోయిన మనిషి ఉంటేనే కేసు. ఇప్పుడు మీకు నష్టమేముంది?"

"మూడేళ్ళు కాళ్ళరిగేలా తిప్పారే, అది నష్టం కాదూ?"

"అది కోర్టుకు పట్టదు."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా తల్లీ!"

"చెప్పాల్సిందే. మీకు కార్డు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు."

"అయితే దీన్ని ఏట్లో పారేస్తాను."

"కార్డు ఏట్లో పడినా పేరు వాళ్ళ కంప్యూటర్లో ఉంటుందమ్మా."

కోర్టులో జడ్జి చాలా మర్యాదస్తుడు. రాష్ట్రం తరఫు లాయరు అంతకన్నా మర్యాదగా నవ్వుతూ, "నవంబరు ఎన్నికల్లో మీరు ఓటు వేయగలరా?" అని అడిగాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసిన నోటితో అబద్ధమెలా ఆడుతుంది?

"వేయగలను. కానీ మా వీధిలోనే ఇంకా..."

"అడిగినదానికి చెప్పండి, చాలు."

జడ్జి కేసు కొట్టేసి, కార్డు వచ్చినందుకు ఆమెకు అభినందనలు కూడా చెప్పాడు. కొట్టేస్తే కొట్టేశాడు, ఆ అభినందనలెందుకు?

"కార్డు లేని మనిషి ఒక్కరు ముందుకొస్తే మళ్ళీ వేద్దాం" అంది జోసలిన్ వరండాలో. "పేరు మాత్రం పేపర్లో పడుతుంది."

ఒజెల్లా తిన్నగా చర్చికి వెళ్ళింది. నేలమాళిగలో విందు సిద్ధంగా ఉంది. కార్డొచ్చింది కాబట్టి కేసు గెలిచినట్టేనని అందరూ నమ్మారు. ఆమె గుమ్మంలో కనబడగానే చప్పట్లు కొట్టారు, పెద్ద కేకు తెచ్చి ముందు పెట్టారు.

"ఆపండమ్మా!" అని అరిచింది ఒజెల్లా. "గెలవడం కాదు, నిలువునా మునిగాం. మీరు నాకు కార్డు తెచ్చి నా కేసు గొంతు కోశారు. నేను మాత్రం తగుదునమ్మా అని వెళ్ళి ఫొటో దిగాను. కార్డు లేనివాళ్ళు ఒక్కరు కావాలట. ఎవరున్నారు? చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ పళ్ళాల్లోకి చూస్తున్నారు. లేనివాళ్ళు లేక కాదు. నల్లవాళ్ళకు ఓటు కావాలని తాతలు దెబ్బలు తిన్న ఊరు అది. నేను ఓటు వేయడం లేదని పదిమందిలో ఒప్పుకోవడం కన్నా దొంగతనం ఒప్పుకోవడం తేలిక అక్కడ.

కేకు కోయబోతున్న వెర్డెల్ కత్తి కింద పెట్టింది.

"నా పేరు రాయించక్కా."

"వేళాకోళమా? ఎన్నికలొస్తే బస్సు నింపి అందర్నీ తోలుకెళ్ళేది నువ్వేగా?"

"తోలుకెళతాను. దింపేసి బస్సు దగ్గర నిలబడతాను. ఈ చట్టం వచ్చాక నేను లోపలికెళ్ళడం ఎప్పుడైనా చూశావా?"

ఒజెల్లా కుర్చీ లాక్కుని కూలబడింది. వెర్డెల్ పుట్టినప్పుడు కూడా ఆ మంత్రసానే పురుడు పోసిందని ఊళ్ళో అందరికీ తెలుసు.

"మరి ఆ మంత్రసాని కూతురి చేత నీది కూడా చెప్పించుకోకపోయావా?"

"నీది చెప్పేసరికే ఆవిడ అలిసిపోయింది. నాది అడగబోతే నన్ను వాళ్ళమ్మ అనుకుని ఏడ్చింది. తర్వాత రెండుసార్లు వెళ్ళాను. నన్ను గుర్తే పట్టలేదు."

"నీదే ముందు అడగాల్సిందే పిచ్చిదానా!"

"మనవి చెప్పుకుంది నువ్వు. నేను చెప్పుకోలేదుగా."

"ఎందుకు చెప్పుకోలేదే?"

"చెప్పుకుంటే అందరికీ తెలిసిపోదూ?"

ఒజెల్లాకు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఫోను తీసింది గాని నొక్కలేకపోయింది.

"విను వెర్డెల్. మళ్ళీ మొదట్నుంచి మూడేళ్ళో నాలుగేళ్ళో పడుతుంది. అది తేలేదాకా నీకు ఓటుండదు. రేపు ఎవరైనా కార్డిప్పిస్తామన్నా తీసుకోకూడదు. నీకు డెబ్భై దాటాయి."

"లేకుండా ఉండటం నాకు అలవాటేలే అక్కా" అంది వెర్డెల్. "ముందు లాయరమ్మకి ఫోను కొట్టు."