తాగుబోతు ఒక్కడూ లేని కూటం

అబద్ధం చెప్తే నా కత్తెర నా చెయ్యే కోయనీ! యాభై ఏడో సంవత్సరంలో నంద్యాల చుట్టుపక్కల తాగుబోతు అనేటోడు ఒక్కడూ లేడు. మద్యనిషేధం ఉండాది గదా. సర్కారు వద్దన్నాది, జనమంతా మానేసినారు, కాయితాల మీద. నేను మాత్రం ఆళ్లగడ్డలో కుట్టు మిషను తొక్కుకుంటా, పొద్దున ఒక గలాసు, సాయంత్రం లెక్కలేకుండా తాగుతాంటి.

నా పెండ్లాం లూదియా పదకొండేండ్లు ఓర్చుకోని, ఒక దినం మూట గట్టుకోని దొర్నిపాడులో పుట్టింటికి పోయింది. తోలుకొద్దామని పోతే నన్ను వాకిట్లోనే నిలబెట్టింది.

"జలుబు చేసింది, అందుకే తాగినా అంటావు. సావాసగాళ్ళు పోసినారు అంటావు. తప్పు ఎప్పుడూ నీది కాదు. నంద్యాలలో తాగుడు మానాలనుకునేటోళ్ళు బేస్తవారం ఒకచోట కూచుంటారంట. ఆడ నలుగురిలో లేచి, నేను తాగుబోతును అని నీ నోటితో చెప్పు. ఆ చోటు యాడో నువ్వే ఎతుక్కోని రా. నేనూ వచ్చి ఆడోళ్ళ పక్క కూచుని వింటా. చెప్తే నీతో వస్తా. లేదంటే నా దోవ నాది."

"ఓస్, అదేమంత పని!" అంటి.

ఎంత పనో నంద్యాలలో బస్సు దిగినాక తెలిసింది. కూటం యాడో చెప్పేటోడు ఒక్కడూ లేడు. టీ అంగడాయన మొగం తిప్పుకున్నాడు. ఒక సర్కారు ఆఫీసులో అడిగితే, గుమాస్తా కండ్లద్దాలు పైకి తోసి, "ఈ తాలూకాలో తాగేటోళ్ళే లేరు. లేనోళ్ళు ఎట్ల మానుతారప్పా?" అన్నాడు. అంతటితో ఇడిచిపెట్టకుండా, "ఇంతకీ నీ పేరేందీ?" అని కలం తీసినాడు. నేను పరుగో పరుగు!

చివరికి చెప్పింది ఎవురనుకున్నారు? సారా అమ్మే రాములమ్మ! గోస్పాడు దోవలో ఆమె గుడిసె కాడికి నా కాళ్ళు వాటంతటవే పోయినాయి, సిగ్గులేని కాళ్ళు. గలాసు ముట్టుకోకుండా కూటం సంగతి అడిగితే ఆమె మొగం వెలిగిపోయింది.

"పత్తి గోడౌను ఎనక, కాంపౌండరు ఆనందరావు ఇంట్లో. తొందరగా పో నాయనా, మూడు గంటలకు మొదలు. అయిపోయినాక అందరూ నేరుగా ఈడికే వస్తారు. నీకూ ఒక చాప వేసి పెడతా," అనింది.

పోతి. ఇరవై మంది మొగోళ్ళు చాపల మీద కూచున్నారు. గోడ పక్కన ఆడోళ్ళు, వాళ్ళలో లూదియా. గడపలో కానిస్టేబులు నారాయణ, చేతిలో పుస్తకం, పెన్సిలు. ఎవురైనా తాగినానని ఒప్పుకుంటే కేసు రాయాల, అది ఆయన డ్యూటీ. అందుకని ఆ కూటంలో ఒక కట్టుబాటు ఉండాది. ఎవురూ తమ కోసం రారు.

"మా తమ్మునికి తాగుడు. వాని కోసం వచ్చినా," అన్నాడు ఒకాయన, కూచున్నచోటే తూలుతా.

"నేను మా బావమరిది కోసం," అన్నాడు ఇంకొకాయన. ఆయనకు ఇంకా పెండ్లే కాలేదు.

గోస్పాడు రైతు చెన్నకేశవులుకు అప్పటికే పేరు చెప్పేదానికి చుట్టాలంతా అయిపోయినారంట. "మా పెద్ద ఎద్దు తాగుతాండాది," అన్నాడు కండ్లనీళ్ళు పెట్టుకోని. "మానాలనే ఉండాది దానికి. పొద్దుగూకితే తట్టుకోలేకపోతాంది. ఇంట్లో పిల్లోళ్ళు దాన్ని చూసి జడుసుకుంటాండారు."

ఎవురూ నవ్వలేదు. ఆనందరావు మెల్లగా, "పొద్దుగూకేలోపే దానికింత మజ్జిగన్నం పెట్టు. ఒంటరిగా ఇడిచిపెట్టొద్దు," అన్నాడు.

నా వంతు వచ్చింది. "మా అన్న..." అని మొదలుపెట్టినా. నాకు అన్నే లేడు. ఆ పక్క లూదియా కొంగు సర్దుకోని లేవబోతాంది. జైలు భయం కన్నా ఆమె పోతాదనే భయమే పెద్దదైంది.

"నేను ఇస్సాకు. నేనే తాగుబోతును! ఎవురి కోసమూ రాలే, నా కోసమే వచ్చినా!" అని లేచి నిలబడి అరిచినా.

నారాయణ పెన్సిలు మొన నాకినాడు. "యాడ తాగినావు? చూసినోళ్ళెవురు?"

అంతే, ఇరవై మందీ ఒక్కసారిగా లేచినారు. "అబ్బెబ్బే, ఈయన తాగడు సార్!" "బంగారం లాంటి మనిషి!" "నీళ్ళు గూడా వడగట్టుకోనే తాగుతాడు!" అందరూ నన్ను ఆ పొద్దే చూసినోళ్ళు!

నారాయణ పుస్తకం మూసినాడు. "సాక్షి లేడు. నువ్వు తాగుబోతువు కాదు, పోప్పా."

"తాగుబోతునే! రాసుకోండి!" నాకు ఏడుపొచ్చింది. పదకొండేండ్లు కాదంటే నమ్మినోడు లేడు, ఈ పొద్దు అవునంటే నమ్మేటోడు లేడు. ఏం కర్మరా నాయనా!

"నేను సాక్షి," అనింది లూదియా.

లేచి నేరుగా నా ముందరికొచ్చి, అంతమందిలో నా నోటి కాడ మొగం పెట్టి వాసన చూసింది. "పదకొండేండ్లుగా తాగినాడు, నేను చూసినా. ఈ పొద్దు తాగలేదు, అదీ నేనే చూసినా. రెండూ రాసుకోండి."

"తాగినాడు అనేదానికే గడి ఉండాదమ్మా. తాగలేదు అనేదానికి పుస్తకంలో గడి లేదు," అన్నాడు నారాయణ.

"గీసుకోండి."

ఆయన గీసినాడు. నా పేరు రాసి, రెండు గడులూ నింపినాడు. "ఇట్ల రాస్తే కేసు నిలబడదే," అని గొణిగినాడు. ఆ తర్వాత నా పేరు కింద తన పేరు రాసుకున్నాడు. మొదటి గడి నింపి, రెండో గడి ఖాళీగా ఇడిచి, పెన్సిలు పక్కనున్నోనికి ఇచ్చినాడు.

లూదియా నా చెయ్యి పట్టుకోని లాగింది.

"పద, ఆళ్లగడ్డ బస్సు పోతాది," అనింది. "రేపు పొద్దున లేస్తానే మళ్ళా వాసన చూస్తా."