మోచేతులు పైకి

కిందటేడు పండగనాడు శాంతా బార్బరా అమ్మ విగ్రహం, డాన్ అని మర్యాదగా పిలిపించుకునే కసాయి ఎవేలియోకి వంగి దణ్ణం పెట్టింది. ఊరంతా చూసింది. అమ్మ చేతిలోని చెక్క కత్తి మొన అతని టోపీని తాకింది కూడా. త్రాసు మీద మాంసంతో పాటు బొటనవేలు కూడా తూచే మనిషికి, అంతమందిలో అతనికే ఆ భాగ్యం దక్కింది. తెల్లారేసరికి కొట్టు మీద కొత్త బోర్డు వెలిసింది: "అమ్మ నమస్కరించిన మాంసం."

తప్పు అమ్మది కాదు, పల్లకి మోసే బ్రౌలియోది.

ఆ ఊరి చర్చి గుమ్మం పొట్టిది. ఎప్పుడో భూకంపానికి పైన గోడ బీటలు వారితే, తాత్కాలికంగా అని ఒక దూలం అడ్డంగా బిగించారు. నలభై ఏళ్లయినా ఆ తాత్కాలికం కదల్లేదు. అమ్మ పల్లకి బయటికి రావాలంటే మోసేవాళ్లు గొంతుక్కూర్చుని మూడడుగులు వేసి, బయటపడ్డాక లేవాలి. వీధిలో పదిమంది పడతారు గాని ఆ గుమ్మంలో ఇద్దరికే చోటు. ముందు అడ్డకర్ర కింద బ్రౌలియో, వెనక అడ్డకర్ర కింద అతని బావమరిది ఎడిల్సన్. విగ్రహం, పల్లకి, పూలు, అన్నీ కలిపి నూట అరవై కిలోలు.

ముందు కర్ర బ్రౌలియో తాతది, తర్వాత తండ్రిది. కిందటేడు లేచేటప్పుడు బ్రౌలియో పిర్రలు ముందు లేచాయి, ఛాతీ తర్వాత లేచింది. ఆ మధ్యలో ముందు కర్ర దిగిపోయి అమ్మ వంగింది.

మోతగాళ్ల సంఘానికి పెద్ద డోన్యా ఒతీలియా. ఎనభై దాటిన మనిషి. నవంబరు మొదట్లో బ్రౌలియోని పిలిపించి ఒకటే మాట అంది.

"ఈసారి అమ్మ తల దించిందో, ఆ కర్ర ఎడిల్సన్‌కి పోతుంది."

ఎడిల్సన్ పక్కనే నిలబడి నేల చూపులు చూస్తూ నవ్వుకున్నాడు.

బ్రౌలియో తిన్నగా యోలిమా గారేజీకి వెళ్లాడు. ఆవిడ ఒకప్పుడు జిల్లా తరఫున బరువులెత్తిన మనిషి. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ ఆమెని ప్రొఫె, అంటే టీచరమ్మ, అనే పిలుస్తారు. గారేజీలో రెండు కడ్డీలు, తుప్పుపట్టిన ప్లేట్లు, గోడన ఒక అద్దం ముక్క ఉంటాయి.

"బలం లేదనకు ప్రొఫె. వీపు మీద పెట్టుకుని నూట ఇరవై కిలోలతో కూర్చుని లేస్తాను," అన్నాడు బ్రౌలియో.

"చూపించు."

చూపించాడు. ఆమె పక్కనించి చూసింది.

"లేచావులే. నేలమీద పడిపోయిన నాణెం వెతుక్కుంటున్నట్టు లేచావు. కడ్డీ వీపున పెట్టుకుని కూర్చుని లేచే వెనక స్క్వాట్‌లో అదే సుఖం. ఛాతీ వంగినా పిర్రలూ నడుమూ కలిసి బరువుని గట్టెక్కిస్తాయి. అందుకే ఎక్కువ ఎత్తగలవు. ఇప్పుడదే కడ్డీ ముందు పెట్టుకో. భుజాల మీద, గొంతు దగ్గర. మోచేతులు పైకి, ఎదురింటివాళ్లకి చూపిస్తున్నట్టు."

"ఎంత పెట్టమంటావు?"

"ఉత్త కడ్డీ."

బ్రౌలియోకి నామోషీ అనిపించింది. అరవై పెట్టాడు. సగం దిగేసరికి మోచేతులు వాలాయి, కడ్డీ జారి నేలమీద ధన్‌మని పడింది. అద్దం ముక్కలో ఇంకో ముక్క ఊడింది.

"చూశావా? వెనక పెట్టుకుంటే అబద్ధమాడచ్చు. ముందు పెట్టుకుంటే వంగావా, కడ్డీ నేలమీద. ఇక తల మీదికెత్తి కూర్చునేదొకటుంది. దానిపేరు నీ దగ్గర ఎత్తను, గోడలు కూడా పోతాయి."

నెలరోజులు రోజూ పొద్దున్నే వెళ్లాడు. మణికట్లు వాచాయి. కాఫీ కప్పు పట్టుకోలేక గిన్నెలో పోసుకుని తాగాడు. ఇంట్లో కడ్డీ లేదు కనక గ్యాస్ బండని చంటిబిడ్డలా రొమ్ముకి హత్తుకుని గొంతుక్కూర్చుని లేచేవాడు. అదీ ప్రొఫెయే చెప్పింది, వీపు నిటారుగా నిలవడానికి.

"ఆ బండని వదిలితే చిక్కుడుగింజలు పొయ్యెక్కిస్తాను," అనేది భార్య ఫ్లోరెల్బా, చేతిలో గరిటె పట్టుకుని నిలబడి. "పెళ్లైన పదహారేళ్లలో నన్నొక్కసారి అలా పట్టుకున్నావా?"

"నిన్ను పట్టుకుంటే మోచేతులు వాలిపోతాయి," అన్నాడు బ్రౌలియో.

నాలుగో వారానికి ముందు స్క్వాట్ ఎనభై ఐదు కిలోలకి వచ్చింది. వెనక ఎత్తే నూట ఇరవైకన్నా చాలా తక్కువే. ఎడిల్సన్ గారేజీ వాకిట్లో నిలబడి అరిచాడు.

"ఏం బావా, నెల తిరిగేసరికి ముప్పై ఐదు కిలోలు కరిగిపోయాయే! ఇంకో నెల ఆగితే దూది ఎత్తుతావు!"

పండగకి మూడు రోజుల ముందు చర్చిలో విగ్రహం బదులు సిమెంటు బస్తాలు పెట్టి పల్లకిని ఎత్తి చూశారు. బ్రౌలియో మెడ వెనక కర్ర పెట్టుకుని గుమ్మంలో దిగాడు, మూడడుగులు వేశాడు, లేచాడు. పిర్రలు ముందు లేచాయి. పై బస్తా జారి మెట్ల మీద పగిలింది.

చూడ్డానికొచ్చిన ప్రొఫె పగిలిన బస్తాని కాలితో పక్కకి జరిపింది. బ్రౌలియో ఆమె వైపు తిరిగాడు.

"నెలంతా చేశాను గదా! ఏమైపోయింది ఆ కష్టం?"

"కర్ర వెనకుంటే ఒళ్లు పాత దారే పడుతుంది. నేనేం చేయను?"

బ్రౌలియో ఆ మెట్ల మీదే, సిమెంటు పొడిలో కూర్చున్నాడు. లోపలికి చూశాడు. పల్లకి ముందు కర్రని చూశాడు. తను చర్చి నుంచి వీధివైపు తిరిగి నడుస్తాడు కాబట్టి కర్ర వెనకుంది. అమ్మ వైపు తిరిగి, వెనక్కి నడిస్తే?

డోన్యా ఒతీలియా వినగానే చేతిలోని ఊతకర్ర నేలకేసి కొట్టింది.

"వెనక్కి నడుస్తావా? నూరేళ్లనించి ఎవరూ అలా నడవలేదు. ఆచారం!"

బ్రౌలియోకి అదాటున ఒక మాట తోచింది. మెల్లగా, వినయంగా అన్నాడు.

"అమ్మా, నూరేళ్లనించి మేం శాంతా బార్బరాకి పిర్రలు చూపిస్తూ నడుస్తున్నాం."

 ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

"మీ నాన్న కూడానా?"

"మా నాన్న కూడా. తాత కూడా."

"మీ తాతవి చాలా పెద్దవి," అంది ఆమె దిగులుగా. విగ్రహం వైపు తిరిగి ఏదో క్షమాపణ గొణిగింది. "సరే. ముఖం చూపిస్తూనే నడువు. కాని మాట మాటే. తల దించిందో, కర్ర పోతుంది."

పండగనాడు పదిగంటల పూజ అయ్యేసరికి వీధి నిండిపోయింది. డాన్ ఎవేలియో సరిగ్గా పోయినేడు నిలబడ్డ చోటే, కొత్త టోపీ చేతిలో పట్టుకుని, తల కొంచెం ముందుకి చాచి సిద్ధంగా నిలబడ్డాడు.

బ్రౌలియో వీధికి వీపు పెట్టాడు. కర్ర గొంతు దగ్గర భుజాల మీద కుదిరింది. ఎదురుగా అమ్మ. దిగాడు. దూలం నెత్తిని రాసుకుంది. వెనక్కి ఒకడుగు. తొడలు మండుతున్నాయి. రెండో అడుగు. కుడి మోచెయ్యి వాలబోయింది.

"మోచేతులు పైకి!" వీధిలోంచి ప్రొఫె కేక.

ఆ పక్కనున్న ముసలమ్మలు కొత్త ప్రార్థన కాబోలనుకున్నారు. "మోచేతులు పైకి!" అని రాగంతో అందుకున్నారు. రెండోసారికి వీధంతా అంది. ఊరేగింపు కోసం వచ్చిన గిటారువాడు శ్రుతి కలిపాడు.

మూడో అడుగు. బయటపడ్డాడు. ఛాతీ ఎత్తి, మోచేతులు ఎత్తి, తిన్నగా, ముగ్గు గీత గీసినంత నిటారుగా లేచాడు.

లేచాక చూస్తే అమ్మ ముఖం కనబడలేదు. గడ్డం కింద భాగం కనబడింది. అక్కడ వడ్రంగి రంగు వెయ్యడం మానేశాడని ఇన్నేళ్లకి బ్రౌలియోకి తెలిసింది.  అమ్మ వెనక్కి వాలిపోతోంది!

వెనక ఎడిల్సన్ గుమ్మం దాటాడు గాని, లేవబోయి సగంలోనే చిక్కుకుపోయాడు. పిర్రలు ఆకాశంలో, ముఖం నేలమీద, కర్ర మెడమీద. మూలుగుతున్నాడు.

"ప్రొఫె! ప్రొఫె, ఏం చెయ్యను?"

"నువ్వు కదలకు! ఎడిల్సన్, ఛాతీ ఎత్తరా సన్నాసీ!"

ఆ కాసేపూ శాంతా బార్బరా గడ్డం పైకెత్తి, ముక్కు ఎగరేసి, కత్తి ఆకాశం వైపు తిప్పి నిలబడింది. ఆవిడ ఎదురుగా, తల వంచుకుని, దణ్ణం కోసం కాచుకుని డాన్ ఎవేలియో.

ముందుగా నవ్విందెవరో తెలియదు. "ముఖం తిప్పుకుందిరోయ్!" అని ఎవరో అరిచారు. అంతే, వీధి వీధంతా విరగబడింది. ముసలమ్మలు నవ్వుతూనే మోచేతుల ప్రార్థన సాగించారు. డాన్ ఎవేలియో చేతిలోని టోపీ తలకి పెట్టుకుని కళ్లదాకా లాక్కుని జనంలోంచి పక్కకి తప్పుకున్నాడు.

ఎడిల్సన్ ఎలాగో లేచాడు. పల్లకి చదునైంది. పక్కనున్నవాళ్లు వచ్చి భుజాలు కలిపారు. బ్రౌలియో మాత్రం కర్ర వదల్లేదు.

డోన్యా ఒతీలియా ఊతకర్రతో దగ్గరికొచ్చింది.

"తల దించలేదు," అంది.

"దించలేదమ్మా."

"ఎత్తడం గురించి నేనేమీ అనలేదు." అతని ముంజేతిమీద తట్టింది. "నీ కర్ర నీదే. మీ అమ్మాయిని కూడా ఆ గారేజీకి పంపు, తర్వాత ఎవరో ఒకరు ఉండాలి."

ఎడిల్సన్ చెమటలు కక్కుతూ, నడుం పట్టుకుని చూస్తున్నాడు.

"సోమవారం ఆరింటికి రా," అన్నాడు బ్రౌలియో. "ఉత్త కడ్డీతో మొదలు."

మర్నాడు ఫ్లోరెల్బా పక్కటెముకల మాంసం తేవడానికి కొట్టుకి వెళ్లింది. బోర్డు లేదు. డాన్ ఎవేలియో ఒక్క చేత్తో తూచాడు, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని. ఆ రోజు ఇంట్లో చారు చిక్కగా వచ్చింది. బ్రౌలియో చెంచా పట్టుకోలేక గిన్నె ఎత్తి తాగాడు.

"మోచేతులు పైకి," అంది కూతురు.