సబీనా సిస్టర్ గురించి నేనిచ్చిన స్టేట్‌మెంటు

గవర్రాజు నా కాలి వేళ్లు రెండు తిన్నాడు. హార్బర్లో ఎవరడిగినా ఈ మాటే చెబుతాను, వాడు ఎదురుగా ఉన్నా చెబుతాను. వాణ్ణి ఆర్‌ఎంపీ అంటారు గానీ, వాడికున్నది ఒక సూది, ఒక మోటారు సైకిలు, ‘డాక్టర్ గవర్రాజు’ అని ఎర్రక్షరాల బోర్డు. జ్వరమొచ్చినా, నడుం పట్టినా అదే సూది.

మా వలల షెడ్డు వెనక సర్కారు క్లినిక్కు తెరిచి సబీనాని వేశాక ఆ సూదికి గిరాకీ పడిపోయింది. సబీనా వన్‌టౌన్ పిల్ల. నర్సింగ్ డిగ్రీ చదివి, దానిమీద ఇంకో ట్రైనింగ్ కూడా చేసింది. బీపీ, షుగరు చూసి లిస్టులో ఉన్న మందులు తనే ఇవ్వొచ్చు. లిస్టు దాటితే మాత్రం డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పింది పుస్తకంలో రాసుకుని, అప్పుడు ఇవ్వాలి.

నేను వలలు బాగుచేస్తాను. ఐదో తరగతితో బడి మానేశాను. షుగరుంది. పోయినేడు ఎడమ పాదంలో ఇనప కొక్కెం దిగి పుండు పడింది. అది మానకపోతే కాలికే ఎసరని అందరూ అన్నారు. సబీనా రోజూ కడిగి కట్టు కట్టేది.

“డాక్టరమ్మా, ఇంకెన్నాళ్లు?”

“డాక్టరమ్మ కాదు రాజన్నా, సిస్టర్ అను. ఎన్నిసార్లు చెప్పాలి?”

“నాకు నువ్వే డాక్టరువి. అంటే నీకేటి నట్టం?”

“నాకే నష్టం. పంచదార టీ మానేశావా?”

“మానేసినాను.”

“మీసం చెబుతోందిలే, తుడుచుకో.”

మూడు వారాలకి పుండు అంచుల్లో లేత చర్మం వచ్చింది. మధ్యలో మాత్ర మార్చాల్సి వచ్చినప్పుడు, సిగ్నల్ కోసం గేటు దాకా నడిచి డాక్టరుకి ఫోన్ చేసింది. అరుగు మీద కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను.

అప్పుడు గవర్రాజు అర్జీ పెట్టాడు. నర్సు డాక్టరు పని చేస్తోంది, లైసెన్సు లేకుండా మందులు రాస్తోంది అని. రాసిందెవరో చూడండి! విచారణకి ఒక ఆఫీసరు వచ్చి, సబీనాని బయట కూర్చోబెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచాడు.

మా హార్బర్లో మనిషిని నిలబెట్టాలంటే ఉన్నదున్నట్టు చెప్పరు. వేలంలో మనవాడి చేపల గంపని ఎంత పెంచి అరుస్తామో, మనిషినీ అంతే.

“మా డాక్టరమ్మ సెయ్యి బంగారం బాబూ,” అన్నాను. “పెద్ద డాక్టరుతో పనే లేదు. సూత్తాది, రాసేత్తాది.”

“ఎవర్నీ అడగదా?”

“అడగడానికి ఆవిడికేటి రాదని?”

ఆయన రాసుకుని చదివి వినిపించాడు. వినడానికి బాగుంది. ‘లైసెన్సున్న డాక్టర్ల కంటే మేలు’ అని కూడా కలపమన్నాను. కలిపాడు. కింద సన్యాసిరాజు అని సంతకం పెట్టి, బయటికొచ్చి సబీనాకి గొప్పగా చెప్పాను.

ఆమె గేటు వైపు చెయ్యి చూపించింది.

“నేను ఫోన్ చెయ్యడం నువ్వు చూడలేదా అన్నా?”

“సూసినాను.”

“మరి?”

“అడిగి రాత్తాదంటే నీకు సిన్నతనం కాదేటి?”

“అడిగి రాస్తేనే అన్నా నా రిజిస్ట్రేషన్ నిలిచేది,” అంది. తర్వాత స్టూలు లాక్కుని, “కాలు పెట్టు. ఇవాళ్టి కట్టు మార్చలేదు,” అంది. కట్టు ఎప్పటిలాగే నిదానంగా కట్టింది. పెద్దాసుపత్రికి చీటీ కూడా రాసి నా జేబులో పెట్టింది.

మర్నాడు క్లినిక్కుకి తాళం. విచారణ తేలేదాకా ఆమెని కూర్మన్నపాలెంలో ఏదో ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. నాలుగు నెలలకి పుస్తకంలో ఉన్న ఫోన్లన్నీ సరిచూసి, తప్పేం లేదని తేల్చి, వేరే ఊళ్లో వేశారు. మా షెడ్డు వెనక తాళం ఇప్పటికీ అలాగే ఉంది.

నేను చీటీ పట్టుకుని పెద్దాసుపత్రికి పోలేదు. అక్కడ లైన్లో నిలబడితే రోజు కూలి పోతుంది. వారం తిరక్కుండా గవర్రాజే షెడ్డుకి వచ్చాడు.

“ఏటి బావా, మీ డాక్టరమ్మ ఏదీ? కాలిలా సాపు, సూద్దాం.”

చాపాను. నా ఖర్మ, చాపాను. పన్నెండు రోజులు సూదులు పొడిచాడు. పదమూడో రోజుకి చిటికెనవేలు, పక్కవేలు నల్లబడ్డాయి.

ఆ రెండు వేళ్లూ తీసేసిన ఆపరేషన్ సర్కారు కార్డు మీద ఉచితంగానే అయ్యింది. ఆ తర్వాత ఐదు నెలలు పని లేదు. అంతకుముందున్న అప్పులు, మందులు, ఇంటద్దె అన్నీ కలిసి మీద పడ్డాయి. నా భార్య చిట్టమ్మ పేరు మీద ఆనందపురం దగ్గర స్థలం ఉండేది. అరవై ఆరు గజాలు. గజం ఏడు వేల లెక్కన, నాలుగు లక్షల అరవై రెండు వేలకి అమ్మేసి అప్పులు తీర్చాం.